పువ్వుల రహస్యము నెఱిగిన డార్విన్

పూవును జూచి ఆనందింపనివారుండరు. దాని రంగును మెచ్చుకొందుము, పరిమళమును ఆఘ్రాణింతుము, దేవుని పూజకో, సిగలో తురుముకొనుటకో కోసికొని పోవుదుము. ఆ రంగులును, ఆ వాసనలును మన కొఱకే యేర్పడినవని చాలమంది తలంతురు. కాని మనుష్యుడు పుట్టకమునుపే, చూచి మెచ్చువాడొక్కడును లేని అడవులలో, కోట్ల సంవత్సరములుగా పూవులు పూచుచునే యుండెను. అట్లయిన ఆ రంగెవరి కొఱకు? ఆ పరిమళమెవరిని పిలుచుటకు? ఈ ప్రశ్న వేసికొని, దానికి సమాధానమును పూవులలోనే వెదకిన మహనీయుడు చార్లెస్ డార్విన్. జీవజాతుల పుట్టుకను గూర్చి యతడు వ్రాసిన గ్రంథమును లోకమంతయు నెఱుగును. ఆర్కిడ్లను పూలమొక్కలను గూర్చి యతడు చేసిన పరిశోధనను ఎఱిగినవారు తక్కువ. ఆ కథయు మిక్కిలి మనోహరమైనదే.

చార్లెస్ డార్విన్ 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండు దేశమునందలి ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్టు డార్విన్ పేరుపొందిన వైద్యుడు. తల్లి సుసన్నా. చార్లెస్ ఎనిమిదేండ్ల బాలుడుగా నున్నప్పుడే ఆమె మరణించెను. పిమ్మట అక్కలే యతని ఆలనాపాలనా చూచిరి. పాఠశాలలో ప్రాచీనభాషలను వల్లెవేయుట యతనికి రుచింపలేదు. గవ్వలు, రాళ్లు, పురుగులు సేకరించుటయందే యతని మనస్సు లగ్నమై యుండెడిది. ఈ బాలుడెందులకును కొఱగాకుండ పోవునేమోయని తండ్రి దిగులుపడెను.

వైద్యవిద్య నభ్యసించుటకై తండ్రి 1825లో అతనిని ఎడింబరో నగరమునకు పంపెను. మత్తుమందు వాడుకలోనికి రాని కాలమది. రోగికి స్పృహ యుండగనే వైద్యులు కత్తితో కోయుచుండిరి. ఒకనాడు ఒక పసివానికి అట్టి శస్త్రచికిత్స జరుగుచుండగా చూచి సహింపలేక చార్లెస్ మధ్యలోనే వెలుపలికి పరుగెత్తెను. వైద్యము తనకు తగిన వృత్తి కాదని యతనికి తోచెను. తరువాత అతడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట పెంకుపురుగులను సేకరించుట యతనికి వ్యసనమాయెను. ఒకసారి చెట్టుబెరడు క్రింద అరుదైన పురుగులు రెండు దొరకగా చేతికొకటి పట్టుకొనెను. అంతలో మూడవది కనబడెను. దానిని విడువలేక, కుడిచేతిలోని పురుగును నోట పెట్టుకొనెను. అది మంటపుట్టించు ద్రవమును చిమ్ముటచే నాలుక కాలి, దానిని ఉమ్మివేయవలసి వచ్చెను. మూడవ పురుగును చేతికి చిక్కలేదు. ఇట్టి యువకునిలోని ఆసక్తిని వృక్షశాస్త్రాచార్యుడగు హెన్‌స్లో గుర్తించి, అతనిని వెంటబెట్టుకొని పొలములవెంట తిరుగుచు మొక్కలను పరిశీలించు విధమును నేర్పెను.

1831లో బీగిల్ అను ఓడ లోకము చుట్టివచ్చుటకు సిద్ధమగుచుండెను. ప్రకృతిశాస్త్రమునం దభిరుచిగల యువకుడొకడు కావలయునని ఓడ నాయకుడు కోరగా, హెన్‌స్లో డార్విన్ పేరు సూచించెను. తండ్రి మొదట అంగీకరింపలేదు. చార్లెస్ మేనమామయగు జోసయ్యా వెడ్జ్‌వుడ్ నచ్చజెప్పిన పిమ్మట సమ్మతించెను. డిసెంబరు 27వ తేదీన బయలుదేరిన ఆ యోడ 1836 అక్టోబరులో తిరిగి వచ్చెను. ఈ యయిదేండ్ల కాలమున డార్విన్ దక్షిణ అమెరికా అడవులను, గలాపగోస్ దీవులను, పగడపు దీవులను చూచెను. జీవజాతులు మొదటినుండి ఒకే రూపమున నుండినవి కావనియు, కాలక్రమమున మార్పు చెందుచు వచ్చినవనియు అతనికి క్రమముగా విశ్వాసము కలిగెను.

1839లో డార్విన్ తన మేనమామ కుమార్తెయగు ఎమ్మాను వివాహమాడెను. 1842లో ఆ దంపతులు లండను నగరమును విడిచి కెంటు మండలమునందలి డౌన్ గ్రామమున స్థిరపడిరి. తరువాత నలుబది సంవత్సరములు, మరణించువఱకును, డార్విన్ అచ్చటనే నివసించెను. సముద్రములు దాటి వచ్చిన ఆ మనుష్యుడు మఱల దూరప్రయాణము చేయలేదు. ఎడతెగని అనారోగ్యము అతనిని బాధించుచుండెను. దినమునకు కొన్ని గంటలకంటె ఎక్కువ పనిచేయుటకు శక్తి చాలెడిది కాదు. ఆ దంపతులకు పదుగురు సంతానము కలిగిరి. వారిలో ముగ్గురు పసితనముననే కన్నుమూసిరి. 1851లో పదేండ్ల కుమార్తె ఆనీ మరణించుటతో తండ్రి హృదయము మిక్కిలి క్రుంగిపోయెను. తామిరువురును దగ్గరి రక్తసంబంధులగుటచేత పిల్లలకు దుర్బలత్వము సంక్రమించినదేమోయను దిగులు అతనిని వెంటాడుచుండెను. పూవులను గూర్చిన అతని పరిశోధనకును ఈ దిగులునకును సంబంధమున్నదని ముందు చూడగలరు.

పూవునుండి కాయ పుట్టవలయునన్నచో పుప్పొడి కీలాగ్రమును చేరవలయును. దీనినే పరాగసంపర్క మందురు. పెక్కు పూవులలో పుప్పొడియు కీలాగ్రమును ఒకేచోట నుండును. అట్లయిన ప్రతి పూవును తన పుప్పొడిని తానే గ్రహింపవచ్చును గదా! కీటకముతో పనియేమి? ఈ విషయమును మొదట శ్రద్ధతో విచారించినవాడు జర్మనీ దేశస్థుడగు స్ప్రెంగెల్ అను ఉపాధ్యాయుడు. అతడు 1793లో ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. పూవులందలి రంగులు, గీతలు, తేనె కీటకములను పిలుచు ఏర్పాటులని అందు నిరూపించెను. ఆ కాలపు పండితులు దానిని లెక్కచేయలేదు. స్ప్రెంగెల్ 1816లో కీర్తి యెఱుగకయే మరణించెను. ఆ గ్రంథమును చదువుమని 1841లో రాబర్టు బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు డార్విన్‌కు చెప్పెను. డార్విన్ దానిని చదివి ముగ్ధుడయ్యెను. కాని కీటకము వచ్చుటవలన పూవునకు కలుగు లాభమేమో స్ప్రెంగెల్ పూర్తిగా తెలుపలేదు. ఒక మొక్క పుప్పొడి వేఱొక మొక్కను చేరినచో సంతానము బలిష్ఠముగా నుండునని డార్విన్ ఊహించెను. ఊహ చాలదు, నిదర్శనము కావలెను. ఆ నిదర్శనమును ఆర్కిడ్ మొక్కలలో వెదకుటకు అతడు పూనుకొనెను.

ఆర్కిడ్ కుటుంబము మిక్కిలి పెద్దది. లోకమున ఇరువదియైదు వేలకు పైగా ఆర్కిడ్ జాతులు కలవు. కొన్ని నేలపై మొలచును. ఉష్ణదేశములలో చాలవఱకు చెట్లకొమ్మలను పట్టుకొని పెరుగును. మన తూర్పు కనుమలందలి అడవులలోను ఇవి కలవు. ఆర్కిడ్ పూవులో ఒక రేకు తక్కినవానికంటె భిన్నముగా నుండి, వచ్చిన కీటకము వాలుటకు అరుగువలె ఉపయోగపడును. కొన్నిటిలో ఆ రేకు వెనుకభాగము సన్నని గొట్టముగా సాగియుండును. పుప్పొడి పొడిపొడిగా రాలక, రెండు చిన్న ముద్దలుగా కూడియుండును. ఒక్కొక్క ముద్దకు సన్నని కాడయు, కాడ చివర జిగురు బిళ్ళయు నుండును. ఇవి యన్నియు ఎందులకో ఆనాటి పండితులు పూర్తిగా తెలుపలేదు.

డార్విన్ ఇంటికి సమీపమున సున్నపురాతి నేలగల ఒక కొండవాలు కలదు. వేసవిలో అచ్చట పలురకముల ఆర్కిడ్లు పూచెడివి. డార్విన్ భార్యాబిడ్డలతో అచ్చటికి షికారు వెడలి, మోకాళ్లపై కూర్చుండి పూవులను పరీక్షించుచుండెడివాడు. ఒకసారి అతడు ఒక మొక్కను పూవులతో సహా గాజుగంట క్రింద మూసిపెట్టెను. ప్రక్కనేయున్న మూడు మొక్కలను మూయక విడిచెను. ప్రతిదినము ఉదయమున పోయి చూచుచుండెను. మూయని మొక్కలలోని పుప్పొడి ముద్దలు నాటికి కొన్ని చొప్పున మాయమగుచుండెను. మూసిన మొక్కలోని ముద్దలు ఎక్కడివక్కడనే యుండెను. గాలి పుప్పొడిని కొనిపోవుట లేదనియు, కీటకములే కొనిపోవుచున్నవనియు స్పష్టమాయెను. విలువగల యంత్రమేదియు లేకుండ, ఒక గాజుమూతతోను ఓపికతోను ఆ సత్యము తేలెను.

కీటకము దానినెట్లు కొనిపోవును? దీనిని తెలిసికొనుటకు డార్విన్ సన్నగా చెక్కిన పెన్సిలును కీటకపు తొండమువలె పూవు గొట్టములోనికి దూర్చి వెలుపలికి తీసెను. పెన్సిలునకు ఒక పుప్పొడి ముద్ద అంటుకొని వచ్చెను. దాని జిగురు కొన్ని క్షణములలో గట్టిపడెను. ముద్ద మొదట కొమ్మువలె నిటారుగా నిలిచెను. ఆ స్థితిలో పెన్సిలును వేఱొక పూవులో దూర్చినచో ముద్ద కీలాగ్రమును తాకక, పుప్పొడి యుండుచోటికే పోవును. కాని చూచుచుండగనే, సుమారు ముప్పది సెకండ్లలో, ఆ కాడ తనంతట తానే ముందునకు వంగెను. ఇప్పుడు పెన్సిలును దూర్చినచో ముద్ద సరిగా కీలాగ్రమునకే తగిలెను. ఆ ముప్పది సెకండ్ల వ్యవధిలో కీటకము ఈ మొక్కను విడిచి మఱియొక మొక్కను చేరుటకు వీలుండును. ఆ విధముగా ఒక మొక్క పుప్పొడి వేఱు మొక్కకు అందును. ఇంత చిన్న పూవులో ఇంతటి ఏర్పాటు కనబడగా డార్విన్ ఆనందమునకు మేర లేకపోయెను.

పుప్పొడిని మోయుచున్న కీటకములను కూడ చూడవలయునని అతడు కోరెను. రాత్రులందు దీపముల చుట్టు మూగు, సీతాకోకచిలుకను పోలిన కీటకమును శలభమందురు. అట్టి శలభములను, పగటి సీతాకోకచిలుకలను సేకరించిన మిత్రులు వానిని డార్విన్‌కు చూపిరి. ఒకేయొక ఆర్కిడ్ జాతి పుప్పొడి ముద్దలు ఇరువదిమూడు రకముల కీటకముల తొండములకు అంటియుండుట అతడు కనుగొనెను. ఒక శలభపు తొండమునకైతే పదునొకండు జతల ముద్దలు అంటియుండెను. తండ్రి ఉత్సాహము పిల్లలకును అంటెను. కుమారుడు జార్జి పూలమొక్కలయొద్ద వేచియుండి, సూక్ష్మమైన కీటకములను పట్టి తండ్రికి తెచ్చి యిచ్చెను.

పూవు ఏ కీటకమును పిలువదలచునో దానికి తగినట్లు సిద్ధమగునని డార్విన్ గ్రహించెను. ఒక తెల్లని ఆర్కిడ్ పగటివేళ అంతగా వాసన యీయదు. చీకటి పడగనే పరిమళము వెదజల్లును. చీకటిలో తెల్లని రంగును తీయని వాసనయు శలభములకు దారి చూపును. పగలు వచ్చు తేనెటీగలకును సీతాకోకచిలుకలకును కనబడు పూవులు ఎఱ్ఱని, ఊదా రంగులతో ప్రకాశించును. కొన్ని పూవులలో రేకుపైనున్న గట్లు కీటకపు తొండమును సూదిలోనికి దారమునువలె సరియైన చోటికి నడిపించును. తేనె గొట్టపు అడుగున నుండును; దానిని చేరుటకై తల లోపలికి నొక్కినప్పుడే జిగురు బిళ్ళ తలకో తొండమునకో అతుకుకొనును. తేనె కూలి, మోత కీటకముది, ఫలము మొక్కది.

ఉష్ణదేశపు ఆర్కిడ్లను డార్విన్‌కు క్యూ ఉద్యానవనమునుండి మిత్రుడు హుకరును, ఇతర తోటల యజమానులును పంపుచుండిరి. వానిలో కెటాసీటమ్ అనునది మిక్కిలి వింతయైనది. ఆ పూవులో మీసములవంటివి రెండు కలవు. వానిని తాకగనే పూవు పుప్పొడి ముద్దను బాణమువలె విసరును. డార్విన్ కిటికీకి ఒక గజము దూరమున పూవును పట్టుకొని మీసమును తాకగా, ముద్ద ఎగిరిపోయి కిటికీ అద్దమునకు అతుకుకొనెను. అడవిలో ఆ బాణము తేనెటీగ వీపునకు తగులును. ట్రినిడాడ్ దీవియందలి క్రూగర్ అను శాస్త్రజ్ఞుడు 1864లో మఱియొక వింతను ప్రకటించెను. అచ్చటి ఒక ఆర్కిడ్‌లో రేకు బొక్కెనవలె నుండి, అందు నీటివంటి ద్రవము చేరును. రేకుపై వాలవచ్చిన తేనెటీగలు ఒకదాని నొకటి త్రోసికొనుచు ఆ బొక్కెనలో పడును. రెక్కలు తడియుటచే ఎగురలేక, ప్రక్కనున్న ఇఱుకు దారివెంట వెలుపలికి ప్రాకును. ఆ దారిలోనే పుప్పొడి ముద్ద వీపునకు అంటుకొనును. వేఱొక పూవులో మఱల పడి, మఱల ప్రాకి వెడలునప్పుడు ఆ ముద్ద కీలాగ్రమునకు చేరును.

1862 జనవరిలో జేమ్సు బేట్‌మన్ అను తోటల యజమాని డార్విన్‌కు కొన్ని పూవులను పంపెను. అందు మడగాస్కరు దీవికి చెందిన ఆంగ్రేకమ్ సెస్క్విపెడేల్ అను ఆర్కిడ్ ఉండెను. తెల్లని మైనముతో చేసిన ఆరుకొమ్ముల నక్షత్రమువలె ఆ పూవు మెఱయును. దాని వెనుక వ్రేలాడు తేనెగొట్టము పొడవు పదునొకండున్నర అంగుళములు! అనగా ఇంచుమించు ఒక అడుగు. అంత పొడవుగల గొట్టములో అడుగుననున్న ఒకటిన్నర అంగుళము మేర మాత్రమే తేనె కలదు. ఇంత లోతున తేనె దాచుకొన్న పూవు ఎవరి కొఱకు వేచియున్నది?

డార్విన్ సూదులను, గట్టి వెండ్రుకలను గొట్టములోనికి దూర్చి చూచెను. పుప్పొడి వెలుపలికి రాలేదు. తుదకు అంగుళములో పదవవంతు మందముగల సన్నని కడ్డీని పూవు నోటియందలి చీలికగుండ అడుగువఱకు పోనిచ్చి తీసెను. అప్పుడు పుప్పొడి ముద్ద దానికంటుకొని వచ్చెను. తేనెయొక్క చివరి చుక్కను త్రాగగోరి తొండమును మొదలంట దూర్చు కీటకమే ఈ పుప్పొడిని మోయగలదని అతడు నిర్ణయించెను. కావున మడగాస్కరు దీవిలో పది, పదునొకండు అంగుళముల తొండముగల శలభము ఉండితీరవలెనని ప్రకటించెను. అట్టి శలభమును అంతవఱకు ఏ శాస్త్రజ్ఞుడును చూచియుండలేదు.

ఇట్టి పొడవైన గొట్టము ఎట్లేర్పడెను? డార్విన్ చెప్పిన సమాధానమిది. పూవు గొట్టము పొట్టిదైనచో పొడవైన తొండముగల శలభము దూరముననుండియే తేనె త్రాగిపోవును, తల పూవునకు తాకదు, పుప్పొడి అంటదు, కాయ కాయదు. గొట్టము కొంచెము పొడవైన పూవులకే కాయలు మెండుగా కాయును. కావున తరతరమునకు గొట్టము పెరుగును. అదేరీతిని పొడవైన తొండముగల శలభములకే ఆహారము సమృద్ధిగా లభించును గావున తొండమును పెరుగును. ఒకదానివెంట నొకటి వేలకొలది తరములు పందెము పరుగెత్తినట్లు అవి పెరిగినవి. శలభము నశించినచో పూవును నశించుననియు అతడు తెలిపెను.

ఆ సంవత్సరము మే నెలలో ఆర్కిడ్ల పరాగసంపర్కమును గూర్చి డార్విన్ రచించిన గ్రంథము వెలువడెను. అది వ్రాయుచున్న కాలమున అతని యింట శాంతి లేదు. కుమార్తె హెన్రియెటా వ్యాధితో నుండుటచే 1861 వేసవిలో కుటుంబమంతయు సముద్రతీరమునకు పోవలసివచ్చెను. అచ్చటను అతడు ఆర్కిడ్లను పరీక్షించుట మానలేదు. తమ సంతానము కొఱకు ఒకే పూవు పుప్పొడిపై ఆధారపడక యుండుటకై మొక్కలు ఎంత శ్రమకోర్చుచున్నవో గ్రంథమంతట నిరూపించి, చివర అతడు ఒక ప్రశ్నను సూచనగా విడిచెను. మొక్కలలోనే యిట్లున్నచో దగ్గరి బంధువుల వివాహము మాటయేమి? ఆ సూచన వెనుక శాస్త్రజ్ఞుడే కాక ఒక తండ్రియు నుండెను. తరువాత అతడు పదునొకండేండ్లు మొక్కలను పెంచి ప్రయోగములు చేసెను. పరపుప్పొడిచే పుట్టిన మొక్కలు తఱచుగా ఎక్కువ పొడవుగను బలముగను పెరుగునని 1876లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను.

మడగాస్కరు శలభము మాట విని కొందఱు కీటకశాస్త్రజ్ఞులు పరిహసించిరి. ఆర్గైల్ ప్రభువు 1867లో ఒక గ్రంథము ప్రకటించి, ఇట్టి చమత్కారమైన ఏర్పాటులు సృష్టికర్త సంకల్పముననే పుట్టవలెను గాని క్రమక్రమముగా నేర్పడజాలవని వాదించెను. ఇది కేవలము ఒక పూవును గూర్చిన వివాదము కాదు. ఆ శలభము లేకున్నచో డార్విన్ చెప్పిన కారణమునకే ఆధారము తప్పును. అప్పుడు ఆల్‌ఫ్రెడ్ వాలేస్ అను శాస్త్రజ్ఞుడు డార్విన్ పక్షమున కలము పట్టెను. అతడు మ్యూజియమునందలి శలభముల తొండములను స్వయముగా కొలిచి, దక్షిణ అమెరికా శలభమొకదానికి తొమ్మిదింబావు అంగుళముల తొండమున్నదని చూపెను. గణితముచే ముందుగా తెలిసికొని ఖగోళశాస్త్రజ్ఞులు 1846లో నెప్ట్యూను గ్రహమును కనుగొన్నట్లే, మడగాస్కరు పోవువారు ఈ శలభమును నమ్మకముతో వెదకవచ్చునని తెలిపెను.

మహాత్ముల పరిశీలనలోను లోపములుండవచ్చును. కొన్ని ఆర్కిడ్ల గొట్టములలో తేనెయే లేదనియు, తేనె యున్నట్లు నటించి అవి కీటకములను మోసగించుచున్నవనియు స్ప్రెంగెల్ వ్రాసియుండెను. కీటకములు ఇంత పెద్ద మోసమునకు తరతరములుగా లోబడియుండునని డార్విన్ నమ్మలేకపోయెను. గొట్టపు గోడలో దాగిన రసమును అవి పీల్చుకొనునని తలంచెను. ఈ విషయమున స్ప్రెంగెల్ చెప్పినదే నిజమని తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆర్కిడ్ జాతులలో సుమారు మూడవవంతు ఏ ప్రతిఫలమునీయకయే కీటకములచే పని చేయించుకొనుచున్నవి. కొన్ని తేనెగల పూవుల రూపమును పోలియుండును. మఱికొన్నిటి మాయ ఇంకను వింతయైనది. తేనెటీగను పోలిన పూవులుగల ఒక ఆర్కిడ్‌ను డార్విన్ ఎన్నో ఏండ్లు పరీక్షించెను. ఇంగ్లండులో అది తన పుప్పొడిని తానే గ్రహించుచుండుట చూచి ఆశ్చర్యపడెను. ఆ రూపమెందులకో అతనికి తేలలేదు. అల్జీరియా దేశమున న్యాయాధికారిగా నుండిన పూయాన్ అను ఫ్రెంచివాడు అదే కుటుంబపు పూవులను ఏండ్లకొలది కనిపెట్టి చూచి, 1916లో ఆ రహస్యమును వెల్లడించెను. మగ కందిరీగ ఆ పూవును తన జాతి ఆడుకీటకమని భ్రమించి వాలును; పుప్పొడిని మోసికొని పోయి మఱియొక పూవుచే మఱల మోసపోవును. రూపమే గాక వాసనయు ఈ భ్రమకు తోడ్పడును.

డార్విన్ కడవఱకు పని మానలేదు. 1877లో ఆర్కిడ్ గ్రంథమును సవరించి మఱల ప్రకటించెను. పది, పదునొకండు అంగుళముల తొండముగల శలభము బ్రెజిల్ దేశమున కనబడినదని ఫ్రిట్జ్ ముల్లర్ అను మిత్రుడు తెలిపిన వార్తను అందు చేర్చెను. కాని మడగాస్కరు శలభము మాత్రము చిక్కలేదు. 1882వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన డౌన్ గ్రామమున డార్విన్ మరణించెను. లండను నగరమునందలి వెస్ట్‌మినిస్టర్ దేవాలయమున గౌరవముతో అతనిని సమాధి చేసిరి.

అతడు మరణించిన ఇరువదియొక సంవత్సరములకు, 1903లో, రోత్స్‌చైల్డు, జోర్డన్ అను శాస్త్రజ్ఞులు మడగాస్కరునుండి వచ్చిన ఒక పెద్ద శలభమును వర్ణించిరి. చుట్టగా చుట్టుకొని యుండు దాని తొండమును సాగదీసినచో ఆ పూవు గొట్టపు అడుగును అందుకొనగలదు. ముందుగా చెప్పబడినది అను అర్థము వచ్చునట్లు దానికి ప్రెడిక్టా అని పేరిడిరి. ఆ శలభము ఆ పూవునందలి తేనె త్రాగుటను శాస్త్రజ్ఞులు 1992లో కన్నులార చూచిరి. 2021లో దానిని ప్రత్యేకజాతిగా నిర్ణయించిరి. 1862లో, ఇంగ్లండులోని ఒక పల్లెటూరి గదిలో కూర్చుండి, ఒక పూవును కొలిచి చెప్పిన మాట అక్షరాల ఫలించెను.

డార్విన్ మడగాస్కరు దీవిని ఎన్నడును చూడలేదు. అతనివద్ద ఉండినవి ఒక పూవు, కొన్ని సూదులు, ఒక సన్నని కడ్డీ, అన్నిటికిని మించి అలసట యెఱుగని శ్రద్ధ. కారణము లేకుండ ప్రకృతిలో నేదియు నుండదని అతడు నమ్మెను గావుననే, కనబడు గొట్టమునుండి కనబడని తొండమును ఊహింపగలిగెను. పరిహాసమునకు జంకక తన మాటను నిలుపుకొనెను. తనకు తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనెను. బాలబాలికలారా! మీ యింటి పెరటిలోని మల్లె సాయంకాలముననే ఏల విచ్చుకొనును? గుమ్మడి పూవులోనికి తేనెటీగ పోయి, మేనంతయు పసుపుపచ్చని పొడితో ఏల వెలుపలికి వచ్చును? ఒక పూవుముందు కొంతసేపు కదలక కూర్చుండి చూడుడు. ఆ పూవును చూచుటకు మీరొక్కరే రాలేదని మీకు తెలియగలదు.